20 నిమిషాల పనితనం

2012లో ‘న్యూరాలజీ’ అనే వైద్య పత్రికలో ఫిన్లండ్ నుంచి ఒక వ్యాసం వచ్చింది. రాసినవారు అట్టె మెరెటోయా, పెర్టు లిండ్స్‌బెర్గ్, మార్కు కాస్తె, వారి సహచరులు. అందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, కొత్త సిద్ధాంతమూ లేదు. పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి గుమ్మం దాటిన క్షణం నుంచి గడ్డ కరిగించే మందు ఒంట్లోకి ఎక్కేదాకా ఎంతసేపు పడుతోంది అన్నదొక్కటే అందులోని లెక్క. హెల్సింకి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1998లో అది 105 నిమిషాలు. 2003కి 60. 2011కి 20. ఇవి మధ్యస్థ సంఖ్యలు. అంటే చివరి ఏడాదిలో సగం మందికి 20 నిమిషాలలోపే సూది పడింది. మందు పాతదే. మారిందల్లా పని నడిచే వరస. ఆ వరసను వాళ్లు ఎలా దిద్దారన్నది దగ్గరగా చూడదగ్గది. వైద్యంలో గొప్పతనమంటే శస్త్రచికిత్స చేసే చేతిదేనని అనుకునే వాళ్లం మరీ ముఖ్యంగా చూడాలి.

ముందు నిమిషాలకు ఇంత విలువ ఎందుకో చెప్పుకోవాలి. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషికి తైలం మర్దన చేయడం, పావురం రక్తం పూయడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. కనబడే నష్టం కాలికీ చేతికీ కాబట్టి చూపు అక్కడికే పోతుంది. జబ్బు మాత్రం తలలో ఉంది. దాన్నే స్ట్రోక్ అంటారు. స్ట్రోకుల్లో నూటికి 85 దాకా మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తాయి, మిగతావి నాళం చిట్లి రక్తం కారడం వల్ల. గడ్డ అడ్డుపడ్డప్పుడు నడిమధ్య భాగం నిమిషాల్లో చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉండే మరికొంత మేర పక్క నాళాల నుంచి అందే కాస్త రక్తంతో ప్రాణం నిలుపుకుంటుంది. అది పని చేయదు, అలాగని ఇంకా చావలేదు. స్ట్రోక్ వైద్యమంతా ఆ మేర కోసమే. అమెరికాలో జెఫ్రీ సేవర్ అనే నరాల వైద్యుడు 2006లో దీనికి ఒక లెక్క కట్టాడు. పెద్ద నాళం మూసుకుపోయిన సగటు స్ట్రోక్‌లో, వైద్యం అందకపోతే, నిమిషానికి 19 లక్షల నాడీకణాలు, వాటి మధ్య 1,400 కోట్ల అనుసంధానాలు, 12 కిలోమీటర్ల పొడవున నరాల పోగులు నాశనమవుతాయి.

ఆ మేరను కాపాడే మందు 1995 డిసెంబరులో రుజువైంది. పేరు ఆల్టెప్లేస్. అమెరికాలో 624 మంది మీద జరిపిన పరీక్షలో, స్ట్రోక్ మొదలైన 3 గంటలలోపు ఈ మందు అందుకున్నవారిలో మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండా, లేదా నామమాత్రపు వైకల్యంతో బయటపడ్డవారు గణనీయంగా ఎక్కువ. 2008లో మరో పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. కానీ ఇది రెండంచుల మందు. గడ్డను కరిగించేది రక్తం కారేలా కూడా చేస్తుంది. మొదటి పరీక్షలోనే మందు తీసుకున్నవారిలో నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించింది. నాళం చిట్లి వచ్చిన స్ట్రోక్‌కు ఈ మందు ఇస్తే నిప్పుకు నెయ్యి తోడైనట్టే. బయటి నుంచి చూసి ఏది గడ్డ, ఏది చిట్లడం అన్నది ఎంత అనుభవమున్న డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. అందుకే సీటీ స్కాన్ లేకుండా సూది లేదు.

దాంతో ఆసుపత్రిలో చేయాల్సిన పనులు వరసగా పేరుకుంటాయి. రోగి పేరు నమోదు కావాలి. నర్సు బీపీ, షుగరు చూడాలి. డ్యూటీ డాక్టరు చూసి నరాల డాక్టరుకు కబురు పెట్టాలి. ఆయన వచ్చి పరీక్షించాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నాడేమో కనుక్కోవాలి. రక్తం తీసి ల్యాబుకు పంపాలి. సీటీకి చీటీ రాయాలి. స్కానింగ్ గది ఖాళీ కావాలి. స్ట్రెచర్ తోసే మనిషి రావాలి. ఫిల్ము చూసి రేడియాలజిస్టు రిపోర్టు ఇవ్వాలి. అప్పుడు మందు తెప్పించి, బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, కలిపి ఎక్కించాలి. ఇందులో ఎవరూ బద్ధకస్తులు కారు. ఎవరి పని వాళ్లు అయిదారు నిమిషాల్లో చక్కగానే ముగిస్తారు. అయినా 105 నిమిషాలు పడుతున్నాయంటే, కాలం పనుల్లో కాదు, పనికీ పనికీ మధ్య కారిపోతోందన్నమాట. హెల్సింకి వైద్యులు పట్టుకున్న కిటుకు ఇదే.

వాళ్లు 13 ఏళ్లలో 12 మార్పులు చేశారు. అన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: రోగి వచ్చాక చేసే పని వీలైనంత తగ్గాలి, రాకముందే చేసే పని వీలైనంత పెరగాలి. పెళ్లి వంటవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పంక్తి కూర్చున్నాక కూర తరిగేవాడు వంటవాడు కాడు. ఆసుపత్రులకు మాత్రం ఇది కొత్త సంగతి.

అంబులెన్సు దగ్గరే మొదలుపెట్టారు. స్ట్రోక్‌ను గుర్తుపట్టడం అంబులెన్సు సిబ్బందికి నేర్పి, ఆ పిలుపులకు పై వరస ప్రాధాన్యం ఇప్పించారు. రోగిని ఎక్కించుకోగానే సిబ్బంది నేరుగా ఆసుపత్రిలోని స్ట్రోక్ డాక్టరుకే ఫోన్ చేస్తారు, మధ్యలో ఎవరూ ఉండరు. ఆ ఫోన్ పెట్టేసేలోపు రోగి గుర్తింపు సంఖ్య డాక్టరు చేతికి వస్తుంది. దాంతో కంప్యూటర్లో పాత రికార్డులు తెరుస్తాడు: ఏ జబ్బులున్నాయి, ఏ మాత్రలు వాడుతున్నాడు, ఈ మధ్య ఆపరేషన్ ఏమైనా జరిగిందా. రక్త పరీక్షలకు, సీటీకి ఆదేశాలు అప్పుడే వెళ్లిపోతాయి. చూసినవారితో ఫోన్లోనే మాట్లాడి, ఆ మనిషి చివరిసారి ఎన్ని గంటలకు మామూలుగా ఉన్నాడో అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న మీదే గడువంతా ఆధారపడి ఉంది. రోగి నిద్రలోంచి కాలు పడిపోయి లేచాడంటే, లేచిన సమయం లెక్కలోకి రాదు, పడుకున్న సమయమే వస్తుంది. అంబులెన్సు ఇంకా ట్రాఫిక్ లైటు దగ్గర ఉండగానే ఆసుపత్రిలో సగం పని అయిపోతుందన్నమాట.

సీటీ యంత్రాన్ని ఎమర్జెన్సీ విభాగంలోకే మార్చారు. రేడియాలజీ ఒక అంతస్తులో, ఎమర్జెన్సీ ఇంకో అంతస్తులో, మధ్యలో లిఫ్టు కోసం ఎదురుచూపులు మనకూ తెలిసినవే. స్ట్రోక్ కబురు అందగానే సీటీ గది ఖాళీ చేసి ఉంచుతారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు, చూడ్డానికి అన్నిటికన్నా చిన్నది. రోగిని ఎమర్జెన్సీలో మంచం మీదికి దించడం మానేశారు. అంబులెన్సు స్ట్రెచర్ మీదే తిన్నగా సీటీ గదికి తీసుకెళతారు. డాక్టరు గుమ్మం దగ్గరే ఎదురై, వెంట నడుస్తూ పరీక్ష చేస్తాడు. మంచం మీద పడుకోబెట్టామంటే బట్టలు మార్చడం, కాగితాలు నింపడం, ‘ఒక్క నిమిషం’ అంటూ ఎవరో వేరే రోగి దగ్గరికి పోవడం తప్పవు. ఆ మంచాన్నే దారిలోంచి తీసేస్తే వీటన్నిటికీ చోటే ఉండదు. ఇందుకు పైసా ఖర్చు లేదు. పనివాడి చూపు ఇలాంటి చోటే తెలుస్తుంది. ఏది చేర్చాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఏది తీసేయవచ్చో చూసేవాళ్లే తక్కువ.

సీటీ బల్ల మీద ఉండగానే డాక్టరు బొమ్మలు తానే చూసుకుంటాడు. ఆ క్షణాన తేలాల్సింది ముఖ్యంగా ఒకటే: రక్తం కారిందా, లేదా. గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్‌లో తొలి గంటల్లో సీటీ మామూలుగానే కనబడవచ్చు, అది వైద్యానికి అడ్డు కాదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి శిక్షణ పొందిన స్ట్రోక్ డాక్టరు చాలు, అధికారిక రిపోర్టు తర్వాత రావచ్చు. రక్తం గడ్డకట్టే గుణాన్ని వేలి చివర నుంచి తీసిన చుక్కతో రోగి పక్కనే చూస్తారు. ల్యాబుకు పరుగు లేదు. అదనపు స్కానింగులను కూడా తగ్గించారు. చాలామందికి మామూలు సీటీ సరిపోతుంది, ఇంకా లోతుగా చూడటం అవసరమైనవారికే చేస్తారు. పెద్ద ఆసుపత్రిలో ఉన్న యంత్రాన్ని వాడకుండా ఉండటానికి ఎంత నిగ్రహం కావాలో బిల్లులు కట్టిన మనకు వేరే చెప్పాలా!

మందు సంగతి మరీ ముచ్చటైనది. ఆల్టెప్లేస్ పొడిగా వస్తుంది, నీటిలో కలపాలి. కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం 90 మించకుండా లెక్కగడతారు. అందులో పదో వంతు ఒక్కసారిగా నరంలోకి, మిగతాది గంటసేపు చుక్కచుక్కగా ఎక్కిస్తారు. అనుమానం బలంగా ఉన్న రోగి వస్తున్నాడంటే హెల్సింకిలో మందు ముందే కలిపి ఉంచుతారు. సీటీలో రక్తం లేదని తేలగానే ఆ బల్ల మీదే మొదటి మోతాదు ఇస్తారు. వార్డుకు వెళ్లాక కాదు. రక్తం కనబడితే కలిపిన మందు వృథా కావచ్చు. ఖరీదైన మందే. అయినా అప్పుడప్పుడు ఒక సీసా పోతే పోయిందిలే అనుకున్నారు.

2011లో అక్కడ ఈ చికిత్స అందుకున్నవారిలో నూటికి 94 మందికి గంటలోపే సూది పడింది. అంతకుముందు దశాబ్దంలో, స్ట్రోక్ వైద్యంలో మెరుగైనవిగా పేరున్న అమెరికా ఆసుపత్రుల్లో కూడా గంటలోపు మందు అందినవారు మూడో వంతు లేరు. ‘ఇదంతా ఫిన్లండ్ కాబట్టి సాగింది’ అనవచ్చు. కొంత నిజమే. దాదాపు 15 లక్షల మంది ఉన్న ప్రాంతానికి ఈ ఆసుపత్రి ఒక్కటే ఇరవైనాలుగు గంటల స్ట్రోక్ కేంద్రం కాబట్టి చేతికి అలవాటు వచ్చింది. అందరి ఆరోగ్య రికార్డులూ కంప్యూటర్లో ఉన్నాయి. కానీ మెరెటోయా తర్వాత ఆస్ట్రేలియాకు వెళ్లి, రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రిలో ఇందులోంచి మూడే ముక్కలు అమలు చేయించాడు: ముందస్తు కబురు, అంబులెన్సు స్ట్రెచర్ మీదే సీటీకి పోవడం, సీటీ గదిలోనే సూది. నాలుగు నెలల్లో పగటి పని వేళల్లో 43 నిమిషాలు 25కు దిగాయి. రాత్రుళ్లు, సెలవు రోజుల్లో మాత్రం పెద్దగా మారలేదని కూడా వాళ్లే రాశారు. ఆ మాట దాచకుండా రాయడం వల్లే మిగతా అంకెల మీద నాకు నమ్మకం పెరిగింది.

తొందరలో తప్పు నిర్ధారణ జరగదా? ఆ భయం సహజం. షుగరు బాగా పడిపోయినా, మూర్ఛ వచ్చినా, ఒక్కోసారి మైగ్రేన్ తలనొప్పిలోనూ మనిషి స్ట్రోక్ వచ్చినట్టే కనిపిస్తాడు. హెల్సింకి బృందం ఈ ప్రశ్ననూ వదల్లేదు. తమ వేగపు నిర్ధారణల్లో ఎన్ని తప్పాయో, వాటివల్ల ఎవరికి కీడు జరిగిందో తవ్వి తీసి 2018లో మరో వ్యాసంగా అచ్చేశారు. మందు వల్ల కీడు జరిగిన సందర్భాలు అరుదుగానే తేలాయి. ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. మెరెటోయా, సహచరులు 2014లో వేసి చూస్తే, సూది ఒక నిమిషం ముందు పడితే రోగికి సగటున 1.8 రోజుల ఆరోగ్యవంతమైన జీవితం అదనంగా దక్కుతుంది. లిఫ్టు కోసం అయిదు నిమిషాలు నిలబడ్డామంటే తొమ్మిది రోజులు పోయినట్టే.

ఆ తర్వాత వైద్యం ఇంకా ముందుకు పోయింది. 2015లో వెలువడిన అయిదు పరీక్షలతో, గజ్జల దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి మెదడులోని గడ్డను లాగేయడం స్థిరపడింది. 2018 నుంచి ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల దాకా కూడా దాన్ని చేయవచ్చు. గడ్డ కరిగించడానికి ఒక్క సూదితో సరిపోయే టెనెక్టెప్లేస్ అనే మందు వచ్చింది. ఏది వచ్చినా పని వరస దిద్దుకోని ఆసుపత్రిలో అది ఆలస్యంగానే అందుతుంది.

ఇదే పనితనం నివారణలోనూ కనిపిస్తుంది. నోరు పక్కకు పోయి పది నిమిషాల్లో మామూలైపోవడం, చెయ్యి కాసేపు మొద్దుబారి మళ్లీ ఆడటం చాలామంది పట్టించుకోరు. అది పెద్ద స్ట్రోక్‌కు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు పీటర్ రాత్‌వెల్ బృందం ఇలాంటివాళ్లకు, చిన్నపాటి స్ట్రోక్ వచ్చినవాళ్లకు అపాయింట్‌మెంటు పద్ధతే తీసేసింది. అంతకుముందు క్లినిక్కులో చూసి, ఫలానా మందులు మొదలుపెట్టమని ఊరి డాక్టరుకు ఉత్తరం రాసేవారు. మొదటి మందు చీటీ రోగి చేతికి రావడానికి మధ్యస్థంగా 20 రోజులు పట్టేది. కొత్త పద్ధతిలో వచ్చిన రోజే చూసి, అక్కడే మందులు మొదలుపెట్టారు. మూడు నెలల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చినవారు నూటికి 10.3 నుంచి 2.1కి తగ్గారు. 2007లో వచ్చిన లెక్క ఇది. మందులు ఇక్కడా పాతవే.

ఫిన్లండ్ ఇంకో విధంగానూ గురువే. ఆ దేశపు తూర్పు అంచున ఉన్న నార్త్ కరేలియాలో గుండెజబ్బు చావులు విపరీతంగా ఉంటే, 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి ఆధ్వర్యంలో ఒక కార్యక్రమం మొదలైంది. ఆసుపత్రులు కట్టలేదు. గృహిణుల సంఘాలతో కలిసి వంటలు మార్పించారు. సాసేజీలు చేసేవాళ్లతో మాట్లాడి ఉప్పు, కొవ్వు తగ్గించారు. ఊరూరా బీపీ చూసి మందులు ఇచ్చారు. కొన్ని దశాబ్దాల్లో పని వయసు మగవాళ్లలో గుండెజబ్బు చావులు నూటికి 80కి పైగా తగ్గాయి. స్ట్రోక్ చావులు కూడా బాగా పడిపోయాయి. స్ట్రోక్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం బీపీయేనని ఆ తర్వాత ఇంటర్‌స్ట్రోక్ అనే అంతర్జాతీయ అధ్యయనమూ చెప్పింది. పొగతాగడం, షుగరు, గుండె లయ తప్పి కొట్టుకోవడం, కదలకుండా కూర్చోవడం ఇలా పది కారణాలే దాదాపు 90 శాతం స్ట్రోకుల వెనక ఉన్నాయని ఆ అధ్యయనం తేల్చింది. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, వడియం, చారు కలిస్తే మనం ఎక్కడున్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. ‘బీపీ నార్మల్‌కి వచ్చింది కదా’ అని మాత్ర మానేయడం మన ఇళ్లలో ఉప్పు కన్నా పెద్ద ప్రమాదం. నార్మల్‌కు తెచ్చింది ఆ మాత్రే.

హెల్సింకి వైద్యులు ఎంత చేసినా వాళ్ల చేతిలో లేనిది ఒకటుంది. ఇంట్లో గడిచిపోయే సమయం. అది మన చేతిలో ఉంది. బ్రిటన్‌లో 1998లో అంబులెన్సు సిబ్బంది కోసం తయారుచేసిన పరీక్షను ఎవరైనా చేయవచ్చు: నవ్వమంటే మూతి ఒక పక్కకే పోతోందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారుతోందా, చిన్న వాక్యం చెప్పమంటే మాట ముద్దగా వస్తోందా లేక తడబడుతోందా. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు. హఠాత్తుగా చూపు పోయినా, నడక తూలినా అనుమానించాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఇప్పుడు మన పల్లెలకూ వస్తోంది. ఫోన్ చేసినప్పుడే ‘పక్షవాతంలా ఉంది, ఫలానా గంటకు మొదలైంది’ అని చెప్పండి. అంబులెన్సు వచ్చేలోపు నీళ్లు, నిమ్మరసం, మాత్రలు నోట్లో పోయకండి. మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాలుక కింద బీపీ మాత్ర పెట్టకండి. సీటీ తీయకముందు ఆస్పిరిన్ ఇవ్వకండి. చిట్లిన నాళమైతే అది విషమవుతుంది. ‘కాసేపు పడుకుంటే తగ్గుతుంది’, ‘తెల్లారాక చూద్దాం’ అన్న మాటలు ఇంట్లో పెద్దవాళ్లు అన్నా వినకండి. వాడే మందుల చీటీలు తీసుకుని, జరిగింది చూసిన మనిషి రోగితో వెళ్లాలి.

ఈ పత్రిక పక్కన పెట్టేముందు ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గర్లో రాత్రీ పగలూ సీటీ తీసే ఆసుపత్రి ఏదో, అందులో ఈ గడ్డ కరిగించే సూది వేస్తారో లేదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. దగ్గరున్న ఆసుపత్రిలో సీటీ లేకపోతే ముందు అక్కడికి, తర్వాత ఇంకోచోటికి తిరగడంలోనే గడువు దాటిపోతుంది. ఆ ఆసుపత్రి పేరు, నంబరు 108 పక్కన రాసి, ఇంట్లో అందరికీ కనబడేచోట అంటించండి.